పెదవి, పలుకు, ప్రాంతం: తెలుగు సినిమాలో ధ్వని మార్పిడి – విశాఖ అనుభవం

వ్యాస సంగ్రహం

దృశ్యంతోపాటు నమోదైన ధ్వనిని తొలగించి, దాని స్థానంలో మరొక ధ్వనిని చేర్చి, పెదవుల కదలికకు సరిపెట్టే పనిని తెలుగు సినిమా సుమారు ఏడు దశాబ్దాలుగా చేస్తున్నది. ఈ పనికి అవసరమైన కలాన్నీ గొంతునూ ఉత్తరాంధ్ర సమృద్ధిగా అందించింది. అదే కాలంలో ఆ ప్రాంతపు పలుకు మాత్రం తెరమీద నుంచి తొలగిపోతూ వచ్చింది. ఆంధ్రా సినీటోన్ నుంచి 'కేరాఫ్ కంచరపాలెం' వరకు విశాఖపట్నంతో ముడిపడిన సందర్భాల ఆధారంగా ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డబ్బింగ్, లిప్ సింక్, శబ్దగ్రహణం, ఓష్ఠ్యాలు, మాత్ర, ఉత్తరాంధ్ర మాండలికం, సీతమ్మధార, శ్రీశ్రీ, ఆరుద్ర, రాజశ్రీ.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నంలోని సీతమ్మధార వంటి నివాస ప్రాంతంలో ఇవాళ ఒక లఘుచిత్ర బృందానికి స్టూడియో అవసరం లేదు. వీధిలోనో, సముద్రతీరంలోనో తీసిన దృశ్యాన్ని ఇంటి గదిలోని కంప్యూటరులోకి ఎక్కించి, కెమెరా పట్టిన ధ్వనిని ఒక మీటతో తొలగించి, విడిగా ముద్రించిన ధ్వనిని దాని కింద పరిచి, రెండింటినీ కలిపివేయవచ్చు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోలలో పలువురు నిపుణులు రోజుల తరబడి చేసిన పని ఇది.

పని సులువైనంత మాత్రాన దానిలోని ప్రశ్న సులువు కాలేదు. ఒక ధ్వనిని తీసి మరొకటి పెట్టడమంటే ఒక మనిషి గొంతును, ఒక ఊరి పలుకును, ఒక స్థలపు చప్పుడును తీసి వేరొకదాన్ని పెట్టడం. దేన్ని తీసివేస్తున్నారు, దేన్ని నిలుపుతున్నారు అన్న నిర్ణయం ప్రతి మార్పిడిలోనూ ఉంటుంది. తెలుగు సినిమా చరిత్రలో ఈ నిర్ణయాలు ఎలా జరిగాయో తెలుసుకోవడానికి విశాఖ ఒక మంచి ఉదాహరణ. తొలి తరం స్టూడియోలలో ఒకటి ఇక్కడ వెలసింది. తొలి డబ్బింగ్ చిత్రానికి మాటలు రాసిన కవి ఇక్కడ పుట్టాడు. స్థానికుల గొంతును మార్చకుండా నిలిపిన చిత్రమూ ఈ నగరంలోనే రూపొందింది.

2. దేహం నుంచి గొంతు వేరైన క్రమం

టాకీలు వచ్చిన తొలి ఏళ్లలో నటుడి దేహం, గొంతు విడదీయరానివి. 1932లో విడుదలైన హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' కాలంలో తెరమీద కనిపించేవారే మాట్లాడాలి, వారే పాడాలి. వాద్యకారులు కెమెరా కంటికి అందని చోట కూర్చొని వాయించేవారు. మాట తప్పితే దృశ్యాన్ని మళ్లీ తీయవలసిందే.

ఈ బంధం సడలడానికి ప్రపంచంలో ఎక్కువకాలం పట్టలేదు. 1929లో హిచ్‌కాక్ 'బ్లాక్‌మెయిల్' తీసినప్పుడు కథానాయిక ఆనీ ఓండ్రా ఉచ్చారణ ఇంగ్లీషు పాత్రకు నప్పలేదు. అప్పటికి గొంతును తరువాత చేర్చే సౌకర్యం లేనందున జోన్ బారీ అనే నటి కెమెరాకు పక్కన నిలబడి సంభాషణలు పలికింది. ఓండ్రా పెదవులు మాత్రమే కదిపింది. గొంతు మార్పిడి చరిత్రలో ఈ తొలినాటి ఉదాహరణకు కారణం యాస కావడం గమనార్హం. నటి ముఖం నచ్చింది. ఆమె పుట్టిన చోటును పట్టిచ్చే పలుకు నచ్చలేదు.

భారతదేశంలో ఈ విభజన పాటతో మొదలైంది. 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ వారు నితిన్ బోస్ దర్శకత్వంలో నిర్మించిన 'భాగ్యచక్ర', దాని హిందీ రూపం 'ధూప్ ఛావ్' నేపథ్యగానానికి దారి తీశాయి. పాటను ముందుగా ముద్రించుకొని, చిత్రీకరణలో వినిపిస్తూ నటులచేత పెదవులు కదిలించడం నేపథ్యగాన పద్ధతి. ఇందులో ధ్వని ముందు, దృశ్యం తరువాత. డబ్బింగ్‌లో ఈ క్రమం తలకిందులవుతుంది: దృశ్యం ముందే స్థిరపడి ఉంటుంది, పలుకు దాని వెంట నడవాలి. పాటలో పెదవి గొంతును అనుసరించింది; డబ్బింగ్‌లో గొంతు పెదవిని అనుసరించింది.

3. విశాఖలో తొలి ధ్వని

1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైంది. ఆ దశాబ్దపు రెండవ సగంలోనే గొట్టుముక్కల జగన్నాథరాజు పూనికతో ఆంధ్రా సినీటోన్ స్టూడియో నగరంలో వెలసింది. రాజమహేంద్రవరంలో నిడమర్తి సూరయ్య నెలకొల్పిన దుర్గా సినీటోన్‌తోపాటు తెలుగునేల మీది తొలి తరం స్టూడియోలలో ఇదీ ఒకటి. హీరేన్ బోస్ దర్శకత్వం వహించిన 'జయదేవ' (1938) ఈ సంస్థ చిత్రమే.

ఈ చిత్రం ద్వారా డిజిటల్ థియేటర్ ధ్వని ప్రవేశించిందని కొన్ని అంతర్జాల రచనల్లో కనిపించే ప్రస్తావన కాలవిరుద్ధమైనది. 1938 నాటి చిత్రధ్వని ఫిల్ము అంచున కాంతి రేఖగా నమోదయ్యేది. సినిమా హాళ్లలో డిజిటల్ ధ్వని 1990ల ఆరంభంలో గాని వ్యాప్తిలోకి రాలేదు. ఇటువంటి పొరపాటు పరిశోధనల్లోకి పాకితే ఆ స్టూడియో అసలు ప్రాధాన్యం మరుగున పడుతుంది. విశాఖలో తీసే చిత్రానికి విశాఖలోనే ధ్వనిని ముద్రించే ఏర్పాటు ఉండడమే ఆ ప్రాధాన్యం. ఆ ఏర్పాటు నిలదొక్కుకోలేదు. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసులో స్థిరపడింది. అటుపై విశాఖ ప్రధానంగా దృశ్యాన్ని ఇచ్చే ఊరైంది; ధ్వని మద్రాసు నుంచి, తరువాత హైదరాబాదు నుంచి వచ్చింది.

4. 1950: ఒకే ఏడు, రెండు రచనలు

1946 నాటి హిందీ చిత్రం 'నీరా ఔర్ నందా' 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగులోకి వచ్చింది. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చరిత్రకారులు దీన్ని గుర్తిస్తారు. మాటలు, పాటలు శ్రీశ్రీ రాశాడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చాడు. విశాఖలో పుట్టి పెరిగిన శ్రీశ్రీ (1910–1983) 'మహాప్రస్థానం' పుస్తకంగా వెలువడిన సంవత్సరమూ 1950 కావడం గుర్తుంచుకోదగినది.

సాహిత్య చరిత్రలు రెండవదాన్ని విస్తారంగా చర్చించి మొదటిదాన్ని బతుకుతెరువు కింద జమకడతాయి. ఛందస్సు దృష్టితో చూస్తే ఈ రెండు పనులు అంత దూరమైనవి కావు. మాత్రల లెక్కను పద్యపు కట్టుబాటు నుంచి విడిపించి ఊపిరికీ నడకకూ అప్పగించిన కవికి, పరాయి నోటి ఊపిరికి తెలుగు మాటను సరిపెట్టే పనిలో ఆ విద్యే పనికివచ్చింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి, ఏ అక్షరం మీద బరువు పడాలి అనేవి అక్కడా ఇక్కడా అవే ప్రశ్నలు.

శ్రీశ్రీకి మేనల్లుడి వరుసైన ఆరుద్ర (1925–1998) ఈ దారిలో మరో మెట్టు ఎక్కాడు. రాజ్‌కపూర్ 'ఆహ్' తెలుగు రూపమైన 'ప్రేమలేఖలు' (1953) పాటల్లో శంకర్–జైకిషన్ బాణీలు అలాగే నిలిచాయి. అంటే కవి మూడు కట్టుబాట్లకు లోబడాలి: బాణీ మారదు, పెదవి మారదు, కథలోని అర్థం మారదు. ఆ పాటలు అనువాదం వాసన లేకుండా తెలుగువారి నోళ్లలో నిలిచిపోయాయి. తరువాతి తరంలో విజయనగరానికి చెందిన రాజశ్రీ (1934–1994) ఈ రచనను ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపరిచాడు. 'ఘర్షణ', 'రోజా', 'ప్రేమికుడు' వంటి అనువాద చిత్రాల పాటలు ఆయనవే. శ్రీశ్రీ, ఆరుద్ర, రాజశ్రీ – డబ్బింగ్ రచనకు రూపుదిద్దిన ఈ ముగ్గురూ ఉత్తరాంధ్రవారే.

5. ఓష్ఠ్యాలు, మాత్రలు: డబ్బింగ్ రచన వ్యాకరణం

డబ్బింగ్ రచయిత ముందున్న తొలి సమస్య అర్థం కాదు, పెదవి. నోరు తెరిచి పలికే ధ్వనులలో క, గ, త, ద, న వంటివి ఒకదానికి బదులు మరొకటి వచ్చినా చూపరి పసిగట్టడు. ప, ఫ, బ, భ, మ అనే ఓష్ఠ్యాలలో మాత్రం పెదవులు మూతపడడం తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. మూసుకున్న పెదవుల మీద 'క' వినిపించినా, తెరిచిన నోటిమీద 'మ' వినిపించినా మోసం బయటపడుతుంది. దంతోష్ఠ్యమైన వకారానిది నడిమి స్థితి.

రెండవ సమస్య భాషా స్వభావానికి సంబంధించినది. తెలుగు ప్రధానంగా అజంత భాష; మాట చివర నోరు అచ్చు మీద తెరుచుకుంటుంది. హిందీ, తమిళాలలో హల్లుతో ముగిసే మాటలు విరివిగా ఉన్నాయి. తమిళంలో అంగీకారాన్ని తెలిపే 'ఆమాం' పెదవులు మూసి ముగుస్తుంది. దానికి నిఘంటువు ఇచ్చే 'అవును' చివర పెదవులు గుండ్రంగా తెరిచి ఉంటాయి. రచయిత అక్కడ 'నిజం' అని రాస్తే అర్థం దగ్గరగానే ఉండి పెదవులు మూతపడతాయి. 'ఆమాం' రెండు గురువులు, నాలుగు మాత్రలు, 'నిజం' మూడే. మిగిలిన మాత్రను నటుడి గొంతు సాగదీసి పూరించాలి. హిందీ 'హమ్' దగ్గర 'మేము' కన్న 'మనం' ఒదుగుతుంది. అయితే ఎదుటివారిని కలుపుకొనే 'మనం' అర్థాన్ని మార్చివేయవచ్చు. ఇలా ప్రతి మాట దగ్గరా పెదవికీ అర్థానికీ మధ్య బేరం నడుస్తుంది. మకారాంతమైన నామవాచకాలు ఈ బేరంలో తెలుగు రచయితకు పెద్ద ఆసరా.

వాక్యనిర్మాణం కొంత మేలు చేస్తుంది. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. కోపంతో బల్లమీద గుద్దిన చోట, కన్నీరు జారిన చోట మూలంలో ఏ మాట ఉందో దానికి సాటి మాట తెలుగులోనూ అక్కడికే చేరగలదు. ఇంగ్లీషు చిత్రాలలో ఈ సౌలభ్యం ఉండదు. క్రియ ముందే వచ్చిపోతుంది, ముఖకవళిక కర్మ మీద విరుగుతుంది.

మూడవ సమస్య కాలం. సంప్రదాయం హ్రస్వాక్షరాన్ని పలికే కాలాన్ని మాత్ర అని, దాన్ని రెప్పపాటుతో పోల్చింది. సినిమా కాలాన్ని ఫ్రేములలో కొలుస్తుంది: సెకనుకు 24, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీ సెకన్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించిన పరిమితుల ప్రకారం ధ్వని దృశ్యం కన్న సుమారు 45 మిల్లీ సెకన్లు ముందుంటే, లేదా 125 మిల్లీ సెకన్లు వెనకపడితే తేడా పసిగట్టవచ్చు. ముందుకు ఒక ఫ్రేము, వెనక్కి మూడు ఫ్రేములు అన్నమాట. ఈ అసమానతను ప్రకృతి నేర్పిన అలవాటుగా అర్థం చేసుకోవచ్చు. కాంతి వెంటనే చేరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. చాకిరేవులో దూరాన బట్ట బండను తాకడం ముందు కనిపించి, చప్పుడు తరువాత వినిపించడం అందరికీ ఎరుకే. చప్పుడు ముందు వినిపించి దెబ్బ తరువాత కనిపించడం లోకంలో లేదు.

ఫిల్ము రోజుల్లో ఈ సమస్యకు యాంత్రిక రూపం కూడా ఉండేది. ప్రొజెక్టరులో బొమ్మ పడే ద్వారం ఒకచోట, ధ్వనిని చదివే దీపం మరొకచోట ఉంటాయి. అందువల్ల 35 మిల్లీమీటర్ల ప్రింటులో ధ్వనిని దానికి చెందిన బొమ్మ కన్న సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రించేవారు. ప్రదర్శనశాలలో ఫిల్మును చుట్టేటప్పుడు కాస్త వదులు ఎక్కువైనా, రచయిత, నటుడు, ఎడిటరు కష్టపడి కుదిర్చిన పొందిక చెదిరిపోయేది.

6. ప్రాంతం నుంచి విడిపోయిన గొంతు

డబ్బింగ్ పరభాషా చిత్రాలకే పరిమితమై ఉంటే దాని ప్రభావం వేరుగా ఉండేది. అయస్కాంత టేపు అందుబాటులోకి వచ్చి, స్టూడియోల నుంచి ఆరుబయటికి చిత్రీకరణ కదిలిన తరువాత తెలుగు చిత్రాలు సైతం తెలుగులోకే డబ్బింగు కావడం మొదలైంది. ఆరిఫ్లెక్స్ వంటి తేలికైన కెమెరాలు కొండలకూ తీరాలకూ వెళ్లగలిగాయి; వాటి మోటారు చప్పుడు మాత్రం సంభాషణతోపాటు టేపుమీద పడేది. జనసమ్మర్దం, వాహనాల మోత దానికి తోడయ్యాయి. అక్కడ ముద్రించిన ధ్వనిని పైలట్ ట్రాకుగా, అంటే తరువాతి డబ్బింగ్‌కు గుర్తుగా మాత్రమే ఉంచుకొనే అలవాటు స్థిరపడింది. డబ్బింగ్ థియేటరులో అదే దృశ్యాన్ని చిన్న చుట్టగా పదేపదే ప్రదర్శిస్తూ, నటులు తమ పెదవులకు తామే గొంతు కలిపేవారు. తమ గొంతు కుదరనిచోట మరొకరు కలిపేవారు.

ఈ మార్పు విశాఖకు లాభమూ నష్టమూ తెచ్చింది. సముద్రాన్నీ కొండలనూ వెతుక్కుంటూ చిత్రబృందాలు వచ్చాయి. కె. బాలచందర్ 'మరో చరిత్ర' (1978) విశాఖ, భీమునిపట్నం తీరాలను తెలుగువారి జ్ఞాపకంలో శాశ్వతం చేసింది. తమిళ యువకుడికీ తెలుగు యువతికీ మధ్య ప్రేమను, వారి మధ్య నిలిచిన భాషను అది కథావస్తువుగా తీసుకొంది. డబ్బింగ్ లేకుండానే తమిళనాట దీర్ఘకాలం ఆడింది. ప్రేక్షకుడు పరభాషను, పరాయి యాసను సహించలేడన్న వాదానికి ఈ చిత్రం బలమైన సమాధానం. ఆ చిత్రంతో పరిచయమైన సరిత అనంతర కాలంలో పలువురు కథానాయికలకు గొంతునిచ్చిన ప్రముఖ డబ్బింగ్ కళాకారిణి కావడం ఈ చరిత్రలో మరో ముడి.

గొంతు దానం విషయంలోనూ ఉత్తరాంధ్ర వాటా పెద్దది. విజయనగరం జిల్లాకు చెందిన పి.జె. శర్మ రంగస్థలం నుంచి వచ్చి నటుడిగా, డబ్బింగ్ కళాకారుడిగా రాణించాడు. ఆయన కుమారుడు సాయికుమార్ సుమన్, రాజశేఖర్ వంటి కథానాయకులకు గొంతయ్యాడు. గాయకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కమల్‌హాసన్ అనువాద చిత్రాలకు దశాబ్దాలపాటు గాత్రమిచ్చాడు. 'దశావతారం' (2008) తెలుగు రూపంలో ఏడు పాత్రలకు ఆయనే పలికాడు. 'అన్నమయ్య' (1997)లో సుమన్ పోషించిన వేంకటేశ్వరుడికి చెప్పిన డబ్బింగుకు నంది పురస్కారం అందుకొన్నాడు. పురస్కారాల స్థాయిలో ఈ కళకు గుర్తింపు దక్కినా, టైటిళ్లలో డబ్బింగ్ కళాకారుల పేర్లు వేయడం మాత్రం చాలాకాలం నియమం కాలేదు.

ఈ లోపానికి చట్టపరమైన పర్యవసానం కూడా ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రదర్శకులకు తమ పేరు ప్రకటించమని కోరే హక్కును ఇచ్చింది. అయితే సినిమాలో యాదృచ్ఛికమైన, స్వల్పమైన పాత్ర వహించి, పరిశ్రమ వాడుక ప్రకారం పేరు కూడా ప్రకటించబడనివారిని ప్రదర్శకులుగా పరిగణించే విషయంలో అదే చట్టం మినహాయింపును పెట్టింది. టైటిల్ కార్డులో పేరు లేకపోవడం కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

7. పెదవి మీద మిగిలిన యాస

కలాలూ గొంతులూ ఉత్తరాంధ్ర నుంచి వెళ్లాయి. ఉత్తరాంధ్ర పలుకు మాత్రం వాటితోపాటు వెళ్లలేదు. సాహిత్యంలో ఈ పలుకుకు గట్టి పునాది ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' విజయనగరం వాడుకభాషకు నాటక గౌరవం తెచ్చింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ వీధుల, కోర్టు వరండాల భాషను కథనశైలిగా మలిచాడు. డబ్బింగ్ థియేటరు మాత్రం వేరే ప్రమాణాన్ని పెంచింది. ఏ ప్రాంతంలో చిత్రీకరించినా, ఏ ప్రాంతపు నటుడు కనిపించినా, అందరికీ అర్థమయ్యే ఒక మధ్యస్థ భాషను చివరిలో పూయడం సాధ్యమైంది. నాయకుడు, నాయిక ఆ భాషలోనే మాట్లాడారు. ఉత్తరాంధ్ర యాస ఎక్కువగా హాస్యపాత్రలకూ పనివారి పాత్రలకూ మిగిలింది.

ఈ పూత పూర్తిగా దాగేది కాదు. ఉత్తరాంధ్ర వాసి 'ఏటి' అన్నచోట డబ్బింగ్‌లో 'ఏమిటి' అని మార్చితే ఏమవుతుందో పరిశీలించవచ్చు. 'ఏటి' గురువు, లఘువు కలిసి మూడు మాత్రలు. అందులో పెదవులు ఒక్కసారీ మూతపడవు. 'ఏమిటి' నాలుగు మాత్రలు. నడుమ 'మి' దగ్గర పెదవులు మూతపడాలి. తెరమీది పెదవులు మూతపడలేదు. చెవికి వినిపించే ప్రమాణ భాషను కంటికి కనిపించే మాండలికం కాదంటున్నది. 'ఎల్లిపోనాడు' అన్న నోటిమీద 'వెళ్లిపోయాడు' వేస్తే మొదటి వకారానికి పెదవి సహకరించదు. సమకాలీకరణ లోపంగా సాంకేతికులు గుర్తించేవాటిలో కొన్ని నిజానికి రెండు మాండలికాల మధ్య ఘర్షణకు గుర్తులు.

ఈ పరిశీలనకు పరిశోధనపరమైన ప్రయోజనం ఉంది. మూల ధ్వని దొరకని పాత చిత్రాలలో సైతం, ఓష్ఠ్యాల మూతలను ఫ్రేము ఫ్రేముగా లెక్కించి, వినిపించే సంభాషణతో పోల్చవచ్చు. చిత్రీకరణలో నటుడు పలికిన మాటనూ తరువాత చేర్చిన మాటనూ పూర్తిగా కాకపోయినా కొంతవరకు విడదీయవచ్చు. భాషాశాస్త్ర విద్యార్థులకూ సినిమా చరిత్ర విద్యార్థులకూ కలిసి పనిచేసే చోటు ఇది.

8. ఫ్రేము నుంచి తరంగం దాకా

1989లో అవిడ్, 1991లో ప్రోటూల్స్ వంటి డిజిటల్ వ్యవస్థలు రావడంతో దృశ్యం, ధ్వని రెండూ ఫిల్మునూ టేపునూ వదిలి సంఖ్యలయ్యాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ధ్వని ఒక తరంగ రేఖగా కనిపిస్తుంది. క్లాపు పలకలు తాకిన ఫ్రేమునూ, తరంగంలో నిటారుగా లేచిన శిఖరాన్నీ ఒకే నిలువుగీత మీదికి తెస్తే సమకాలీకరణ పూర్తవుతుంది. క్లాపు లేకపోతే, కెమెరా పట్టిన మసక ధ్వనినీ విడి రికార్డరు పట్టిన స్పష్టమైన ధ్వనినీ సాఫ్ట్‌వేరు పోల్చి, రెండు తరంగాలు ఎక్కువగా ఏకీభవించే స్థానాన్ని వెతికి తానే అమర్చుతుంది. పనికిరాదని తీసివేసే కెమెరా ధ్వనే ఇక్కడ దారి చూపుతుంది. సమకాలీకరణ ముగిసేదాకా దాన్ని తొలగించరాదన్న నియమం ఇందువల్లనే ఏర్పడింది.

మొదట కుదిరినది చివరిదాకా కుదిరి ఉంటుందన్న హామీ లేదు. సెకనుకు 30 ఫ్రేములని భావించినది నిజానికి 29.97 అయితే గంటకు 3.6 సెకన్ల తేడా పేరుకుంటుంది. సెకనుకు 48,000 నమూనాలతో ముద్రించిన ధ్వనిని 44,100గా చదివితే గొంతు బరువెక్కి, మాట సాగిపోతుంది. చేతిఫోన్లు వెలుతురునుబట్టి ఫ్రేముల వేగాన్ని మార్చుకొనడం వల్ల తేడా ఒకచోట పెరిగి మరొకచోట తగ్గుతుంది. అందుకే అనుభవజ్ఞులు మొదలు, నడుమ, చివర మూడుచోట్ల ఓష్ఠ్యాలను సరిచూస్తారు. శ్రీశ్రీ తరం వెతికిన పెదవి మూతలనే సాఫ్ట్‌వేరు తరమూ వెతుకుతున్నది.

స్థల సమస్య కూడా మారలేదు. ఫ్యాను, వీధి, పక్కింటి కుక్కరు ఈలల మధ్య సీతమ్మధార ఇంటి గదిలో ముద్రించిన గొంతు, రామకృష్ణా బీచ్‌లో నిలబడ్డ మనిషి నోట అతికినట్లుండదు. గొంతుతోపాటు స్థలానికీ ఒక ధ్వని ఉంటుంది. చిత్రీకరణ స్థలంలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషమైనా అక్కడి నిశ్శబ్దాన్ని ముద్రించుకొని, డబ్బింగ్ కింద పరిస్తేగాని పలుకు ఆ స్థలంలో ఇమడదు. తీరంలో ఆ నిశ్శబ్దం నిండా అలలే.

9. మార్చకుండా నిలిపిన గొంతు

సీతమ్మధారకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కంచరపాలెంలో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. నటులలో అత్యధికులు కెమెరా ముందుకు తొలిసారి వచ్చిన స్థానికులు. చిత్రీకరణ సమయంలోనే సంభాషణను ముద్రించే సింక్ సౌండ్ పద్ధతిని అది అనుసరించింది. హిందీలో 'లగాన్' (2001) తరువాత పేరుపొందిన ఈ పద్ధతి ఖర్చుతోనూ క్రమశిక్షణతోనూ కూడినది. వృత్తి నటులు కానివారితో పనిచేసేటప్పుడు మాత్రం అదే మెరుగైన దారి. డబ్బింగ్ థియేటరులో తన పెదవులకు తానే గొంతు కలపడం శిక్షణతో వచ్చే విద్య. అది లేనివారి గొంతును మార్చడమంటే, నటించినవారిని సగం తీసివేయడమే.

ఈ చిత్రంలో ఉత్తరాంధ్ర పలుకు హాస్యానికి కేటాయించిన భాషగా వినిపించదు. ప్రేమకూ, భక్తికీ, దుఃఖానికీ అదే భాష. అది దూరప్రాంతాల తెలుగువారికి అర్థం కాలేదన్న ఫిర్యాదు చిత్రాదరణకు అడ్డురాలేదు. ఆంధ్రా సినీటోన్ తరువాత విశాఖ దృశ్యం విశాఖ ధ్వనితోనే తెరకెక్కిన ముఖ్యమైన సందర్భాలలో ఇది ఒకటి.

దీన్నిబట్టి డబ్బింగును నిందించడం చరిత్రకు న్యాయం చేయదు. డబ్బింగ్ లేకపోతే తెలుగువారికి 'ప్రేమలేఖలు' లేవు, 'రోజా' లేదు. శ్రీశ్రీ నుంచి రాజశ్రీ దాకా సాగిన ఒక రచనా సంప్రదాయమే లేదు. పరభాషా చిత్రానికి తెలుగు గొంతు ఇవ్వడం చేర్పు. తెలుగు మనిషి తెలుగు గొంతును మరో తెలుగుతో కప్పడం తీసివేత. సాంకేతికంగా రెండూ ఒకే పని. సాంస్కృతికంగా రెండూ ఒకటి కావు.

10. క్షేత్ర పరిశోధనకు వర్తింపు

ఈ భేదం సినిమాకే పరిమితం కాదు. ఉత్తరాంధ్రలో జముకుల కథను, తప్పెటగుళ్లను వీడియోలో నమోదు చేసే పరిశోధకుల సంఖ్య పెరుగుతున్నది. గాలి, మైకు గరగర, జనం గోల వినిపిస్తున్నాయన్న కారణంతో ఆ ధ్వనిని తీసివేసి, అదే బృందంచేత గదిలో పాడించిన శుభ్రమైన ధ్వనిని అతికించడం నేడు చిటికెలో పని. తప్పెటగుళ్లలో కళాకారుడి చేయి రొమ్ముమీది రేకును తాకే క్షణమే తాళం. గదిలోని తాళం అరక్షణం తప్పినా ఆ దృశ్యం సాక్ష్యంగా పనికిరాదు. తప్పకపోయినా, ప్రేక్షకుల 'హాయ్'కి గాయకుడు ఇచ్చిన బదులు, మరిచిన చరణాన్ని వంతగాడు అందించిన తీరు పోతాయి. మౌఖిక సాహిత్య పరిశోధనలో ఇవి లోపాలు కావు, ఆధారాలు.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు అవసరం. మూల ధ్వనిని విడి ఫైలుగా శాశ్వతంగా భద్రపరచాలి. మార్చిన ధ్వని అయితే ఆ సంగతిని, గొంతు ఎవరిదో, ఎప్పుడు, ఎక్కడ ముద్రించారో వీడియోతోపాటు నమోదు చేయాలి. ఫ్రేముల వేగం, నమూనాల సంఖ్య రాసి ఉంచాలి. గొంతు ఇచ్చినవారి సమ్మతి తీసుకొని, వారి పేరు ప్రకటించాలి. కృత్రిమ మేధ సాయంతో ఒకరి గొంతును మరొకరి గొంతుగా, ఒక యాసను మరొక యాసగా మార్చగలిగిన కాలంలో ఈ జాగ్రత్తలు మరింత ముఖ్యం. పెదవులను కూడా కొత్త మాటకు తగినట్లు దిద్దగలిగినప్పుడు, 'ఏటి' అన్న పెదవి మిగిల్చిన చివరి సాక్ష్యమూ చెరిగిపోతుంది.

11. ముగింపు

తెలుగులో ధ్వని మార్పిడి చరిత్రను సాంకేతిక పరికరాల వరుసగా రాయవచ్చు: కాంతి రేఖ, అయస్కాంత టేపు, డిజిటల్ తరంగం. విశాఖ నుంచి చూసినప్పుడు అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది. ధ్వనిని ఊరి నుంచి విడదీయగలగడం వల్ల ఉత్తరాంధ్ర కవులకూ నటులకూ మద్రాసులో ఉపాధి, కీర్తి లభించాయి. ఉత్తరాంధ్ర పలుకు తెరమీద చోటు కోల్పోయింది. అదే విద్య ఇళ్లలోని కంప్యూటర్లకు చేరడంతో ఆ చోటును తిరిగి పొందే అవకాశం కలిగింది. పెదవికి పలుకును సరిపెట్టడం సాఫ్ట్‌వేరు చేయగల పని. ఆ పలుకు ఎవరిదై ఉండాలో నిర్ణయించడం మాత్రం నేటికీ ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషి బాధ్యతగానే ఉంది.